అట్టడుగు జట్టు

జూలై 12. ముసురు. చెరకులో కలుపు తీశాను.

ఎక్కడెక్కడి వాళ్లతోనో ఫోన్‌లో ఆడే బేస్‌బాల్ ఆటలో నా జట్టు మూడేళ్లుగా అట్టడుగునే ఉంది. ఈసారి నేను పెంచిన, బంతి విసిరే కొత్త పిచర్ వరుసగా ఆరు మ్యాచ్‌లు గెలిపించాడు. హోటల్లో చాయ్ తాగుతూ, నాకీ ఆట నేర్పిన ఇస్రార్‌కు చూపించాను.

"గిప్పుడే వానికి గిరాకి, రవీందర్ భాయ్. మొదటి స్థానంల ఉన్న జట్టుకిచ్చి నలుగురు కొత్తోళ్లను తెచ్చుకో. టీమ్ కట్టుడంటే గదే."

ఏటా ఇదే సలహా. ఏటా విన్నాను.

"వీడు పోతే మళ్ల కిందికే పోత గదా?"

"జర సబర్ చెయ్ భాయ్. చెరుకు నాటంగనే చక్కెరయితదా?"

నవ్వొచ్చింది. పిచర్‌ను ఇస్తానని, ఎవరిదో తెలియని ఆ మొదటి జట్టుకు కబురు పంపాను.

టేబుల్ మీద ఇస్రార్ ఫోన్ మోగింది. అతను చప్పున బోర్లించాడు కానీ, తెర మీద నా పిచర్ పేరు చూశాను.

మూడేళ్లూ నేను కట్టింది అతని జట్టునే.

సాయంత్రం బర్రెలకు మేత వేశాను.