కుందేలు కంచె

"అడిగిందల్లా ఇచ్చేస్తే ఆశ తీరుతుందా, పెరుగుతుందా? చెప్పండర్రా," అంది కనకవల్లి బామ్మ, చిక్కుడుపాదుకు కంచె కడుతూ మధ్యలో ఆగి.

"తీరుతుంది!" అన్నారు మనవలు.

"అయితే వినండి."

ఓ అడవిపంది అందరి మీదా పడి కుమ్మి, చివరికి ఓడిపోయింది. ఇక కోరలు నూరకూడదని ఏనుగు, దుప్పి షరతు పెట్టాయి. కొన్నాళ్లకే రాతి మీద గరగర మొదలైంది.

"కోరలు నూరుతోంది!" అంటూ కుందేలు పరుగెత్తుకొచ్చింది.

"దురదేమోలే పాపం. అప్పుడు మనమే మరీ కట్టడి చేశాం," అంది దుప్పి.

తర్వాత పంది కుందేలు బొరియ చుట్టూ ఉన్న ముళ్లకంచె అడిగింది. "ఇదే ఆఖరు. ఒట్టు!" అంది.

కుందేలును బయటే నిలబెట్టి పంది, ఏనుగు, దుప్పి మాట్లాడుకున్నాయి. "ఇచ్చెయ్యమ్మా, అడవి ప్రశాంతంగా ఉంటుంది," అంది ఏనుగు.

కుందేలు ఒక్కతే ఏం చేస్తుంది? ఇచ్చేసింది. వారం తిరక్కుండానే పంది బొరియంతా తవ్వి పారేసింది. కుందేలు పిల్లల్ని వెంటేసుకుని ఏనుగు దగ్గరికొచ్చింది.

"ఒట్టు పెట్టిందిగా!" అని ఏనుగు తెల్లబోయింది.

"అంతంత చెవులున్నాయి కదా మామా, ఇప్పుడు విను."

గరగర! ఈసారి ఏనుగు దారి పక్కనున్న రాతి మీదే.

"నా కంచె ఎటూ పోయింది. ఇక నువ్వే అడ్డం నిలబడాలి, పద," అంది కుందేలు. ఏనుగు తొండమెత్తి కదిలింది.

"గెలిచాయా బామ్మా?"

"గెలవకేం! కంచె ఉండగానే కదిలుంటే అన్ని దెబ్బలు తినేవి కావు," అంటూ బామ్మ ముళ్లకంప అందుకుని లేచింది. పాదు కంచెలో ఇంకో సందు మిగిలే ఉంది. పక్కింటి మేక అప్పుడే అటు చూస్తోంది.