గుమ్మం దాటాక

బడి ముందు కారాపి, జానెల్ నడుముకున్న తుపాకీ తీసింది. సీటు కింది ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఈ పొద్దున ఇది మొదటిసారి.

కూతురు ఐవీ లంచ్ బాక్సు మర్చిపోయింది. ఆఫీసులో ఇచ్చి రావడానికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ జానెల్ వెనక్కి చూస్తూనే నడిచింది. తుపాకీ దాచుకుని తిరగడానికి ఆమెకి లైసెన్సుంది. అయినా బడిలోకి తీసుకెళ్ళకూడదు. పిల్లలుండే చోటు కదా, ఇక్కడ ఆమెకి పేచీ లేదు.

పేచీ అంతా పోస్టాఫీసు దగ్గరే. అక్కడ లోపలికే కాదు, కార్లు నిలిపే స్థలంలోకి కూడా తుపాకీ రాకూడదట. తాళమేసి ఉన్నా తప్పేనట. అందుకని రోడ్డుకి అవతల ఇనప సామాన్ల కొట్టు ముందు కారాపింది. మళ్ళీ విప్పి, మళ్ళీ పెట్టెలో పెట్టి, ఇంచుమించు పరిగెత్తుతూ రోడ్డు దాటింది.

నాలుగు నెలల్లో మూడిళ్ళు మారింది జానెల్. ఇప్పుడున్న ఇల్లు చెల్లెలికీ బడివాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు. తుపాకీ లైసెన్సు మీద మాత్రం కొత్త అడ్రసు వేయించక తప్పలేదు, చట్టం అలా ఉంది మరి. ఉత్తరాలన్నీ పోస్టాఫీసులో అద్దెకి తీసుకున్న పెట్టెకే వస్తాయి. ఇవాళ అందులో ఆసుపత్రి కాగితాలున్నాయి. విరిగిన మణికట్టు ఎక్స్‌రే, కింద డాక్టరు సంతకం.

కారెక్కుతుంటే ఫోన్ మోగింది. చెల్లెలు టెస్.

"అక్కా, అయిందా?"

"ఇంకా కోర్టుకే చేరలేదు. పొద్దున్నుంచీ కట్టుకోవడం, విప్పుకోవడం! లైసెన్సిచ్చింది ఫ్రేము కట్టించుకుని గోడకి తగిలించుకోమనేమో!"

"బావ... ఛీ, వాడు వెనకాల వస్తున్నాడా?"

"ఇప్పటిదాకా కనబడలేదు."

"మంగళవారం దాకా ఎందుకాగావు? శుక్రవారమే వెళ్ళాల్సింది."

"మంగళవారమైతే నయం," అని పెట్టేసింది జానెల్.

విడాకులై ఏడాదైనా మాజీ మొగుడు ఆమెని వదల్లేదు. మణికట్టు విరిచింది అతనే. ఇక దగ్గరికి రాకూడదని జడ్జి చేత ఉత్తర్వు తెచ్చుకోవాలి. పదకొండు లోపు అర్జీ ఇస్తే సాయంత్రానికి చేతికొస్తుంది. దాటితే ఎల్లుండే.

కోర్టు చుట్టూ సంత జరుగుతోంది. రెండు వీధుల అవతలగానీ కారుకి చోటు దొరకలేదు. ఆ రెండు వీధులూ ఒట్టి చేతులతో నడవడం తన వల్ల కాదనుకుంది. గుమ్మంలో తుపాకీలు దాచే అరలుంటాయని ముందే కనుక్కుంది కాబట్టి, కట్టుకునే వెళ్ళింది.

తలుపు తోసుకుని లోపలికొచ్చేసరికి పదీ నలభై. సోదా యంత్రం దగ్గర కాపలా ఉన్న డెప్యూటీ పోలీసు సగం తిన్న డోనట్ పక్కన పెట్టి తలెత్తాడు.

"తుపాకీ ఉందా మేడమ్?"

జానెల్ ఒకడుగు వెనక్కి వేసింది. "ఉంది. పోనీ, కారులో పెట్టేసి వస్తా."

"గుమ్మం దాటారు మేడమ్. ఇప్పుడు బయటికి పట్టుకెళ్తే కేసు రాయాల్సొస్తుంది."

"బోర్డు మీద అలా లేదే!"

"బోర్డు మీద అన్నీ పడతాయా? తీసివ్వండి. లైసెన్సు కూడా."

వెనక అప్పటికే నలుగురు చేరారు. "కానివ్వమ్మా, నా వాయిదా టైమైపోతోంది," అని విసుక్కున్నాడు టోపీ పెట్టుకున్న ముసలాయన.

జానెల్ గోడ గడియారం చూసింది. తుపాకీ, లైసెన్సు కార్డు బల్ల మీద పెట్టింది. డెప్యూటీ రిజిస్టరు తెరిచి, ఒక్కో అక్షరమూ తీరిగ్గా దిద్దడం మొదలుపెట్టాడు.

"నాకసలివాళ సెలవు," అన్నాడు ముసలాయనతో. "డ్యూటీలో ఉండాల్సిన బక్లీకి జ్వరమొచ్చిందని నన్ను లాక్కొచ్చారు." మళ్ళీ కార్డు కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. "ఇంటి నంబరు సరిగ్గా అచ్చు పడలేదు మేడమ్. చదవండి."

"అవన్నీ దేనికి? తుపాకీ తీసుకుంటే చాలదా?"

"రూలు మేడమ్. నేను పెట్టానా?"

"ఏమ్మా, ఇంటి నంబరు చెప్పడానికి ఇంత సేపా!" అన్నాడు వెనక ముసలాయన.

"పద్నాలుగు," అని గొణిగింది జానెల్.

"నాలుగా?"

"పద్నాలుగు!"

రాసుకున్నాడు. తుపాకీ ఏడో నంబరు అరలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"వెళ్ళేటప్పుడు నా దగ్గరికే రావాలి మేడమ్, మర్చిపోకండి."

మెట్లెక్కుతుంటే జానెల్‌కి ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. ఎన్ని రూళ్ళు, ఎన్ని బోర్డులు! అన్నిటికీ తలొంచుకుని నడిచింది. ఒక్కటీ తన వైపు లేదు.

పై అంతస్తులో అర్జీలు తీసుకునే వెర్నా పెద్దావిడ. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఎక్స్‌రే చూసి, అర్జీ కాగితం జానెల్ ముందుకి జరిపింది.

"వేళకే వచ్చావు తల్లీ, ఇంకా ఐదు నిమిషాలుంది. నీ కొత్త అడ్రసు ఇందులో రాయక్కర్లేదు. అతనికి తెలియకుండా చూసే పూచీ మాది."

జానెల్ అర్జీ నింపి ఇచ్చింది.

"నోటీసు మాత్రం అతని చేతికే ఇవ్వాలి. ఇప్పుడు ఎక్కడ దొరుకుతాడు?"

"కింద గుమ్మం దగ్గర," అంది జానెల్, "ఇందాకే నా తుపాకీకి తాళం వేసి, నా అడ్రసు రాసుకున్నాడు."