గవరయ్య కటిక ఉపవాసం

గవరయ్య ఒక చుంచెలుక. పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి నమలకపోతే ప్రాణం నిలవని జాతి. అలాంటివాడికి, పోయిపోయి, బండ మీద పడుకున్న కొండచిలువ మీద గురి కుదిరింది. నెల్లాళ్లుగా అది పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని గోరువంకలు అడవంతా టముకు వేశాయి. చర్మం చూస్తే నిగనిగ!

గవరయ్య వెళ్లి బండ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి కళ్లు తిరిగితే జ్ఞానోదయం అనుకున్నాడు. ఒళ్లు దూదిపింజలా తేలిపోతుంటే పాపాలు కరిగిపోతున్నాయని మురిసిపోయాడు.

పెళ్లాం చిట్టెమ్మ ఆకుదొన్నెలో నీళ్లు తెచ్చింది. "ఏమయ్యా, రెండు చుక్కలు గొంతులో పోసుకో. మొహం పీక్కుపోయింది."

"ఇది తేజస్సే, మొద్దు మొహమా!" అని కసిరాడు.

సాయంత్రానికి కసరడానికి కూడా నాలుక తిరగలేదు. పొద్దు గుంకకముందే ప్రాణం పోయింది.

చిట్టెమ్మ ఏడుపుకి కొండచిలువ ఆవులిస్తూ తలెత్తింది.

"నెల్లాళ్లు మీరెలా ఉన్నారు స్వామీ? మా ఆయన ఒక్క పూటకే పోయాడే!"

"నేను ఉపవాసం ఉన్నానని ఎవరన్నారమ్మా? దుప్పిని మింగి, అరక్క పడున్నాను. ఇవాళో రేపో అరుగుతుంది. ఇంత పొట్ట చూసి కూడా, ఏం తిన్నావని ఒక్కడూ అడగలేదు."

గోరువంకలు ఆ మాట చెవిన వేసుకుంటేనా! గవరయ్య గారికి మోక్షం వచ్చేసిందని అరుచుకుంటూ ఎగిరిపోయాయి. తెల్లారేసరికి ఇంకో ముగ్గురు చుంచెలుకలు బండ ముందు నోళ్లు కట్టుకుని కూర్చున్నారు.

కొండచిలువ వాళ్లను తీరిగ్గా చూసింది. దుప్పి అప్పటికి అరిగిపోయింది.