కిటికీ పక్క టేబుల్

"బోంజూరు కాదయ్యా, బోంజూర్!" హరిత హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేసింది. "చివర్ల ఆ 'రు' ఏంది? బోంజూరు మీ ఆత్మకూరు పక్క ఊరా?"

గదిలో ఉన్నవాళ్లంతా కిసుక్కున నవ్వారు. సతీశ్ కూడా నవ్వాడు. దాంతో ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. తిడితే నవ్వేవాణ్ణి ఏమనాలి?

మహబూబ్‌నగర్‌లో, ఒక బట్టల దుకాణం పైన ఉంది ఆ ఆఫీసు. పారిస్‌లో హోటల్‌కని ఫోన్ చేసి టేబుల్ బుక్ చేసుకునేవాళ్ల కాల్స్ ఇక్కడికి వస్తాయి. బోంజూర్ అని పలకరించి పేరు అడగాలి. ఎంతమందో, ఎన్ని గంటలకో అడగాలి. అడ్వాన్సు కోసం కార్డు నంబరు తీసుకోవాలి. మెర్సి అని థాంక్స్ చెప్పి పెట్టేయాలి. అంతే. చిలక్కి నేర్పినా ఈపాటికి వచ్చేసేది. ఈ మహానుభావుడికి మాత్రం నెల గడిచినా నాలుక తిరగదు.

హైదరాబాద్‌లో ఫ్రెంచ్ చదువుకున్న తనకు ఈ సరుకును దిద్దే ఖర్మ ఏమిటో! పైగా వాడి ప్రశ్నలు ఒకటా?

"మేడమ్, ఆడ ఏమేం వండుతరు? ఎరికైతె జర మంచిగ మాట్లాడొచ్చు గదా."

"నీకెందుకు? పోయి వడ్డిస్తవా?"

"మెట్లు గిట్ల ఉన్నయా అని ఎవరన్న అడిగితే..."

"రాసిచ్చింది చదువు సతీశ్. తెలివి వాడకు. ఉన్నదే జరంత."

ఆ మధ్యాహ్నం ఆఫీసు నడిపే రఘుపతి సార్ తెగేసి చెప్పాడు. సాయంత్రంలోగా ఒక్క బుకింగైనా తేకపోతే సతీశ్ రేపటి నుంచి రానక్కర్లేదు.

సతీశ్ ముఖం పాలిపోయింది. నెలలు నిండిన భార్యను మొన్ననే ఊరి నుంచి తీసుకొచ్చి కిరాయి ఇంట్లో పెట్టాడు. "పని పోతే ఇంటికి ఏ మొకం పెట్టుకొని పోవాలె మేడమ్?" అన్నాడు.

హరితకు జాలేమీ కలగలేదు. పీడ విరగడవుతుందనుకుంది.

నాలుగు దాటాక సతీశ్ ఫోన్ మోగింది. వాడు బోర్లా పడితే చూద్దామని హరిత కూడా హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ కాల్ వినసాగింది.

అవతల ఎవరో ముసలావిడ. గొంతు వణుకుతోంది.

"బోంజూరు మదామ్," అన్నాడు సతీశ్.

హరిత నెత్తి కొట్టుకుంది. కానీ ఆ తర్వాత వాడు తడబడలేదు. నెమ్మదిగా, మర్యాదగా ఒక్కొక్కటే అడిగాడు. ఆవిడా అంతే ఓపిగ్గా చెప్పింది. కార్డు మీది అంకెలు కళ్లకు సరిగా ఆనలేదేమో, మొదటినుంచి మళ్లీ చదివింది. ఫోన్ పెట్టేసేముందు మెర్సి, మెర్సి అంటూ ఎంతసేపు చెప్పిందో!

రఘుపతి సార్ పరుగున వచ్చాడు. కార్డు నంబరు రాసుకున్నాడు. సతీశ్ భుజం తట్టి తన గదిలోకి వెళ్లిపోయాడు.

సతీశ్‌కు ప్రాణం లేచి వచ్చింది. కళ్లు తుడుచుకుని హరిత దగ్గరికొచ్చాడు.

"మేడమ్, రేపు ఇద్దరికి టేబుల్, కిటికీ పక్కకు కావాలన్నది. గంతవరకు సమజైంది. నడుమ ఇంకేందో చెప్పింది గదా, ఏంది?"

"ఏముంది, సోది!" హరిత మూతి తిప్పింది. "మొగునికి రేపటితో ఎనభై ఏండ్లు నిండుతయంట. దవాఖాన నుంచి వచ్చినంక ఇదే మొదటిసారి బయటికి తోల్కపోవుడంట. ఆయనకు నది కనబడాల్నంట!"

సతీశ్ ముఖం మెత్తబడింది.

"పాపం, పెద్దమనిషి! మేడమ్, మీరు జర ఆ హోటలోళ్లకు గట్టిగ చెప్పుండ్రి. ఆ కిటికీ పక్క జాగా ఇంకెవరికీ ఇయ్యొద్దని."

హరిత వాణ్ణి ఎగాదిగా చూసింది. నవ్వాపుకోలేకపోయింది.

"ఓరి పిచ్చోడా, హోటల్ ఉంటె గదా కిటికీ ఉండేది!"