ఒక్క దగ్గరనే

"గీ రెండో పిస్టల్‌ది చూడు బాపూ!" నవ్య గురికాగితం తెచ్చి తండ్రి రాజేశం చేతిలో పెట్టింది. నవ్య పోటీకి పనికొచ్చే పిస్టల్, అందులో వేసే పెల్లెట్లు చూసుకోవడానికి ఇద్దరూ జగిత్యాల షూటింగ్ హాలుకు వచ్చారు.

మొదటి పిస్టల్ కాగితం మీద ఐదు చిల్లులూ చెదిరి ఉన్నాయి. దీని మీద ఐదూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి.

"బల్లకు బిగించి కాల్చిన. పిస్టల్ కదల్లే, కాయితం కదల్లే. పిస్టల్, పెల్లెట్లు మంచియైతే గిట్ల ఒక్క దగ్గరనే పడ్తయ్."

"కాయితం కదిల్తే?"

"చెదిరిపోతయ్."

"చీకట్ల ఉరికేటోన్ని దూరంకెళ్లి కాలిస్తే?"

నవ్వబోయిన నవ్య తండ్రి మొహం చూసి ఆగింది. "ఎంత పెద్ద షూటరైనా గిట్ల కొట్టలేడు బాపూ. ఎందుకు?"

రాజేశం బెంచీ మీద కూలబడ్డాడు. ఏళ్ల కింద, రాత్రి అడవిలో పారిపోతుంటే ఎదురుకాల్పుల్లో తూటాలు తగిలాయని చెప్పి, పోలీసులు తమ్ముడు మల్లేశం శవాన్ని అతనికే అప్పగించారు. సొంతూరు చందుర్తిలో అందరూ అదే నమ్మారు. 'ఇంకింత జోరుగ ఉరికితే బతుకుతుండె నా కొడుకు' అని తల్లి చచ్చేదాకా ఏడ్చింది.

"మీ చిన్నబాపుకు తానం పోసింది నేనే బిడ్డా," అన్నాడు. "ఈపుల గాయాలన్నీ నా అరచెయ్యి కింద దాగినయ్."

నవ్య తండ్రి చేతిలోని గురికాగితం వంక చూసింది.

"వాడు ఉరుకలే," అన్నాడు రాజేశం. "వాన్ని నిలవెట్టి కాల్చిర్రు."