దాలమ్మ మోకాలు

“రగతం ఇవ్వను. పోండి” అంది దాలమ్మ, గడప లోపలి నుంచే.

వజ్రపుకొత్తూరు దగ్గర ఆ పల్లెలో అప్పటికే మూడు కిడ్నీ సర్వేలు అయ్యాయి. రక్తం సీసాలు పట్టుకుపోయినవాళ్ళు మళ్ళీ మొహం చూపించలేదు. ఇంకెవరు నమ్ముతారు?

“రక్తం కాదమ్మా. మోకాలి దగ్గర తొడ ఎముక ఎంత వెడల్పుందో కొలుచుకుంటాను. చీర మీంచే.”

గడప బయట నిలబడ్డ పెద్దమనిషి చేతిలో ఉక్కు కొలబద్ద ఉంది, చంకలో నోటుపుస్తకం.

“తొడ కొలుత్తాడట, సూడే రమణీ” అంది దాలమ్మ పక్కింటావిడతో.

రమణి పకపకా నవ్వింది.

“జీడిపప్పు ఒలిచేవాళ్ళు రోజంతా గొంతుక్కూర్చుంటారు కదమ్మా. మీ కొలతే కావాలి.”

“పెళ్ళాం లేదేటి నీకు? ఇంటికెళ్ళి కొలుసుకో.”

ఆయన వెనక్కి తిరిగాడు. ఆ ఎండలో, ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎనిమిదేళ్ళకి దాలమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి.

మొగుడు పోయాడు. పిల్లల్లేరు. రమణి కూడా కూతురి ఊరు వెళ్ళిపోయింది. బోరింగు దాకా నడవలేక, కొన్ని రోజులు గుక్కెడు నీళ్ళయినా లేకుండానే పడుకునేది. ఎలా ఉన్నావని అడిగే దిక్కు లేదు.

విశాఖలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఆపరేషన్ చేసి కొత్త మోకాలు పెట్టాలన్నాడు.

“నడుత్తానా బాబూ? మంచాన పడితే నాకెవులూ లేరు.”

“నడుస్తావమ్మా. మునుపైతే కష్టమయ్యేది. మన ఆడవాళ్ళ తొడ ఎముక కింది చివర సన్నం. బయటి దేశాల మోకాలు పెడితే పక్కలకి పొడుచుకొచ్చి కండని ఒరుసుకునేది. ఇప్పుడు సరిపడే సైజు వచ్చింది.”

“ఎలగొచ్చింది?”

“మీ ఉద్దానంలోనే ఒకాయన ఊరూరా తిరిగి ఆడవాళ్ళ మోకాళ్ళు కొలిచి, పుస్తకం నిండా రాసి తెచ్చారు. మేం ఎక్స్‌రేలతో సరిచూసి, తయారుచేసేవాళ్ళకి పంపాం. ఎంతమంది తిట్టారో, పాపం.”

దాలమ్మ మొహం పాలిపోయింది.

“నాను తిట్నాను బాబూ. ఓపాలి పిలిపించు. కాళ్ళట్టుకుంటాను.”

“పోయిన వేసవిలో పోయారమ్మా. ఒక్కరే ఉండేవారు. రెండ్రోజులకి గానీ పక్కింటివాళ్ళకి తెలియలేదు.”

దాలమ్మకి ఏడుపు ఆగలేదు. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుంది.

“సానా పెద్ద డాకటరేమో గదా?”

“డాక్టరు కాదమ్మా. టెక్కలిలో నీళ్ళ మోటార్లు బాగుచేసుకునే పైడయ్య. మేం పెట్టిన పెద్ద సైజు మోకాలితో మంచాన పడి చనిపోయిన కాసులమ్మ మొగుడు.”