నూటపన్నెండో ట్యూబు

“ఈ ఫారం చెల్లదు” అంటూ కాగితాన్ని కిటికీలోంచి వెనక్కి తోసింది ల్యాబులో ఫ్రీజర్లు చూసే ఫ్రీజరక్క.

అవతల నిలబడ్డ బక్కసారు కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. వంతెన దాటాక ఉండే ల్యాబులో సైంటిస్టు ఆయన. మనిషి సన్నం, ఓపిక లావు.

“మళ్లీ ఏమైందండీ?”

“నల్ల ఇంకుతో రాయమన్నాను. ఇది నీలం.”

“నిన్న సంతకం లేదన్నారు. మొన్న రెండు కాపీలు కావాలన్నారు. అంతకుముందు కాగితం మడతపడిందన్నారు!”

“మడతపడిందనలేదు. నలిగిందన్నాను.”

“నేనడిగేది నూటపన్నెండో ట్యూబులోంచి చిటికెడు బూజు మేడమ్. మీ కిడ్నీ కాదు.”

“కిడ్నీలైతే రెండున్నాయి. ఒకటి ఇచ్చేదాన్నేమో.”

ఆయన ఉసూరుమంటూ వెళ్లిపోయాడు. ఫ్రీజరక్క కిటికీ మూసి కుర్చీలో కూలబడింది. ఆయన నల్ల ఇంకుతో రాసినా, బంగారు నీళ్లతో రాసినా ఒకటే. ఆ ట్యూబులో బూజు చచ్చిపోయి పది రోజులైంది.

ఆ శుక్రవారం ఫ్రీజరులో గడ్డకట్టిన మంచు తీస్తూ ఆ ట్యూబున్న పెట్టెను బల్ల మీద పెట్టింది. అప్పుడే చెల్లెలు ఫోన్ చేసింది. పిల్లాడి పంటినొప్పితో మొదలైన మాట ఆడపడుచు మూతివిరుపుల దాకా వెళ్లింది. ఫోన్ పెట్టేసి, తలుపులన్నీ తాళం వేసి ఇంటికి వెళ్లింది. పెట్టె మాత్రం శని, ఆదివారాలు బల్ల మీదే ఉండిపోయింది. చలి లేక అందులోవన్నీ చచ్చాయి. మిగతావాటికి వేరే ఫ్రీజరులో జోడీలున్నాయి. నూటపన్నెండుకి లేదు.

అది ఈ ల్యాబు నడిపే పెద్దసారు ఏనాడో గనిలోకి దిగి, మోకాళ్లు చెక్కుకుపోయి తెచ్చుకున్న బూజు. వచ్చే సోమవారం నుంచి దానితో పని మొదలుపెడతానన్నారు. అత్తారింట్లో ఉన్న కూతురి గురించి అడిగినట్టు “నా బూజు భద్రమేనా?” అని రోజూ అడుగుతున్నారు. ఇరవై రెండేళ్లుగా ఫ్రీజర్ల తాళంచెవులు ఆమె నడుముకే వేలాడుతున్నాయి. ఈ సంగతి బయటపడితే సోమవారం సాయంత్రానికల్లా ఇంకొకరి నడుముకి మారిపోతాయి.

ఉన్న ఆశల్లా కొండమీది ల్యాబే. మూడేళ్ల కిందట తనే దగ్గరుండి సంతకాలు పెట్టించుకుని, ఆ బూజులో కాస్త వాటా వాళ్లకి ఇచ్చింది. ఫోన్ తీసి అక్కడ శాంపిళ్లు చూసే అమ్మాయికి చేసింది.

“అమ్మాయ్, నేనడిగింది ఏం చేశావ్?”

“నూటపన్నెండేగా అక్కా? మనిషి ఆ పని మీదే తిరుగుతున్నాడు.”

“వారం రోజుల్నుంచీ ఇదే మాట. నాకేదో అవసరమై కాదమ్మా. మేమిచ్చిన వాటాలు ఎవరు ఎలా చూసుకుంటున్నారో తనిఖీ చేస్తున్నాం, అంతే.”

“కంటికి రెప్పలా చూసుకుంటున్నాం అక్కా! కాకపోతే ఫారాలూ అవీ...”

“చిటికెడు బూజుకి ఫారాలేమిటే!” అని కసిరి, వెంటనే నాలిక్కరుచుకుంది.

సాయంత్రం ఇంట్లో భర్త ఫ్రిజ్ తలుపు తీసి అడిగాడు. “ఈ గిన్నెలో కూర తీసుకోవచ్చా? ఫారం నింపాలా?”

ఆమె నవ్వలేదు. ఆయన గిన్నె అక్కడే పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు.

“పోనీ, ఆ బక్కాయనకి ఉన్నమాట చెప్పేయొచ్చుగా?”

“చెబితే రేపటికల్లా పెద్దసారు చెవిన పడుతుంది.”

“అలాగని ఎన్నాళ్లు తిప్పుతావు పాపం?”

“కొండమీది నుంచి ట్యూబు వచ్చేదాకా. అది రాగానే పెంచి మా సారుకి సగం, ఆయనకి సగం ఇచ్చేస్తా. ఎవరికీ ఏమీ తెలియదు.”

“ఎందుకైనా మంచిది, ఆ అమ్మాయిని కూడా రెండు కాపీలు అడుగు” అంటూ ఆయన మళ్లీ కూర వైపు నడిచాడు.

శుక్రవారం వచ్చింది. ట్యూబు రాలేదు. పొద్దున్నే పెద్దసారు కిటికీలోంచి తొంగిచూసి, “సోమవారం తొమ్మిదింటికల్లా నా బూజు బల్ల మీదుండాలి” అనేసి వెళ్లారు. ‘బల్ల మీద’ అన్నమాట వినగానే ఆమె పక్కనున్న బల్లకి వీపు తిప్పేసుకుంది. ఆయన మలుపు తిరిగారో లేదో బక్కసారు ప్రత్యక్షమయ్యాడు.

నల్ల ఇంకు. రెండు కాపీలు. నలగకుండా ప్లాస్టిక్ కవరు. మూడు సంతకాలు, అడక్కుండానే ముద్ర కూడా. ఫ్రీజరక్క కాగితాన్ని తిరగేసింది, బోర్లించింది, వెలుతురుకి ఎత్తిపట్టి చూసింది. వెదికినా తప్పు దొరకలేదు.

“మీ ముద్ర... కాస్త వంకరగా పడినట్టుందండీ.”

బక్కసారు ఓపిక అక్కడితో అయిపోయింది. కళ్లజోడు తీసి కిటికీ గట్టు మీద పెట్టేశాడు.

“మేడమ్, మీకో దణ్ణం. ఈ బూజు నాక్కాదు. నాది చేపల పని. బూజు మొహం నేనెప్పుడూ చూడలేదు.”

“మీక్కాదా? మరి ఎవరికి?”

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“తన పేరు ఎత్తొద్దని ఒట్టు వేయించుకుంది. అయినా చెప్పేస్తున్నా, ఇంక నావల్ల కాదు. కొండమీది ల్యాబులో శాంపిళ్లు చూసే అమ్మాయి మా మరదలే. వాళ్ల నూటపన్నెండు చచ్చిపోయి ఏడాదైందట. ఇప్పుడెవరో మహాతల్లి తనిఖీ అంటూ రోజూ ఫోన్ చేసి ప్రాణం తోడేస్తోందట. ఆవిడ మొహాన కొట్టడానికి మీ దగ్గర్నుంచి చిటికెడు పట్రమ్మని వారం రోజులుగా నన్ను తరుముతోంది!”